కారులో హామ్‌ రేడియోనా? సెట్టు చివర్లో కొనండి!

హామ్‌ రేడియో పరీక్షకు కూర్చున్న వాళ్లను, ఈమధ్యే కాల్‌సైన్‌ చేతికొచ్చిన వాళ్లను ఒక్కసారి కదిపి చూడండి. దాదాపు అందరూ అడిగేది ఒకటే. ‘కారులో పెట్టుకోవడానికి ఏ సెట్టు మంచిది?’ అని. 25 వాట్లదా, 50 వాట్లదా? జపాన్‌ కంపెనీదా, చైనాదా? రంగుల తెర ఉన్నదా, బ్లూటూత్‌ ఉన్నదా? గంటలకొద్దీ వీడియోలు చూసి, స్పెసిఫికేషన్లు బట్టీ పట్టేసి ఉంటారు.

అడగడంలో తప్పేం లేదు. కాకపోతే అది అడగాల్సిన నాలుగో ప్రశ్న. మొదటిది లైసెన్సు గురించి. రెండోది యాంటెన్నా గురించి. మూడోది వైరింగు గురించి. ఈ మూడింటికీ జవాబు దొరికితే సెట్టు సంగతి దానంతటదే తేలిపోతుంది. వరుస తిరగబడితేనే చిక్కు. ఖరీదైన సెట్టు డ్యాష్‌బోర్డు మీద అలంకారంగా మిగిలిపోతుంది. అంతకంటే ఘోరం... అవసరమైన రోజున పలకదు.

నా వాదన ఇంతే. కారు రేడియోలో పెట్టే డబ్బు, సమయం, ఓపిక ఈ మూడూ ముందు సెట్టు బయటి పనుల మీద పెట్టండి. ఎందుకంటారా? చూద్దాం.

ఫోన్‌ ఉండగా ఇదెందుకు?

ఇంట్లో వాళ్లు మొదట అడిగేది ఇదే. న్యాయమైన ప్రశ్నే. సిటీలో ఫ్రెండ్‌ ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి రేడియో అక్కర్లేదు. ఫోన్‌ చాలు.

కానీ ఫోన్‌ ఒంటరిగా పనిచేయదు. దాని వెనక టవర్‌ ఉండాలి. టవర్‌కు కరెంటు ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీలో, జనరేటర్‌లో డీజిలో ఉండాలి. అక్కణ్నుంచి ముందుకెళ్లడానికి కేబుల్‌ తెగకుండా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి పోయినా మీ చేతిలోది టార్చిలైటే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తీరం దాటిన తర్వాత విశాఖవాసులకు ఇది అనుభవమే. నగరమంతా కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, అయినవాళ్లు ఎలా ఉన్నారో తెలీదు.

రెండు రేడియోల మధ్య మాత్రం ఎవరూ ఉండక్కర్లేదు. ఇక్కడో యాంటెన్నా, అక్కడో యాంటెన్నా, మధ్యలో గాలి. పైగా కారు అనేది నడిచే రేడియో స్టేషన్‌. బ్యాటరీ దానిలోనే ఉంది. ఇంజినే దాని చార్జరు. సిగ్నల్‌ అందకపోతే గుట్ట మీదికో, ఫ్లైఓవర్‌ దాటి ఖాళీ స్థలానికో తీసుకెళ్లొచ్చు. ఇంటి మీద యాంటెన్నా తుపానుకు కూలిపోయినా, కారు మీది అడుగున్నర కడ్డీ మిగిలే అవకాశం ఎక్కువ.

2004 డిసెంబరు 26 సునామీ సంగతి హామ్‌లు ఇప్పటికీ చెప్పుకుంటారు. హైదరాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ అమెచ్యూర్‌ రేడియో తరఫున భారతీ ప్రసాద్‌ నాయకత్వంలో వెళ్లిన బృందం అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది సహాయ చర్యలకు కాదు, అండమాన్‌ నుంచి ప్రపంచ దేశాల హామ్‌లతో మాట్లాడటానికి. ఫోన్లు పోగానే ఆ సెట్లే అక్కడి క్షేమ సమాచారాల్ని బయటి ప్రపంచానికి చేరవేశాయి. ఆ రోజు ఉపయోగపడింది సెట్టు బ్రాండు కాదు. యాంటెన్నాలు అప్పటికే పైన ఉన్నాయి. కరెంటు ఏర్పాటు ఉంది. ఆపరేటర్లకు చేయి తిరిగి ఉంది. మీ కారు రేడియోకు కావాల్సినవీ సరిగ్గా ఈ మూడే.

ముందు కాల్‌సైన్‌

‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్టు, లైసెన్సు లేకుండానే సెట్టు కొనేవాళ్లు బోలెడుమంది. ఆన్‌లైన్లో దొరుకుతోంది కదా అని ఆర్డర్‌ పెట్టేస్తారు. దొరికేదల్లా వాడుకోవడానికి అనుమతి ఉన్నదే అనుకోవద్దు. ఇలా అడ్డగోలుగా రేడియో పరికరాలు అమ్ముతున్నారనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో ఈ-కామర్స్‌ సైట్లకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది.

మన దేశంలో హామ్‌ లైసెన్సు ఇచ్చేది టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. దరఖాస్తు సరళ్‌ సంచార్‌ పోర్టల్‌లో. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. ఇంటర్‌ మార్కులు, డిగ్రీ పట్టాతో పనిలేదు. రెండు గ్రేడులున్నాయి. రిస్ట్రిక్టెడ్‌ గ్రేడుకు మోర్స్‌ కోడ్‌ అక్కర్లేదు. జనరల్‌ గ్రేడుకు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్‌ రావాలి. పరీక్షలో సగం రేడియో సిద్ధాంతం, సగం నిబంధనలు. ఈసీఈ చదివేవాళ్లకు సిద్ధాంతం కొత్తేం కాదు. మిగతావాళ్లు కూడా శ్రద్ధగా చదివితే పాసవుతారు.

లైసెన్సు వచ్చాక దాని షరతులు ఒక్కసారైనా పూర్తిగా చదవండి. మీ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఎన్ని వాట్లు, స్టేషన్‌ చిరునామా దాటి వాహనంలోంచి మాట్లాడటానికి ఏం కావాలి, కాల్‌సైన్‌ ఎలా చెప్పాలి... ఇవన్నీ బిగించేముందే తెలియాలి. సెట్టు 50 వాట్లు ఇవ్వగలదు కాబట్టి మీరు 50 వాట్లు వాడొచ్చని కాదు. లైసెన్సు ఎంత చెబితే నాబ్‌ అంతే.

ఇంకో మాట. మన దేశంలో కారు సెట్లకు ఎక్కువగా వాడే రెండు బ్యాండ్లు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్‌. మార్కెట్లో దొరికే చాలా సెట్లు ఈ హద్దులు దాటి కూడా ప్రసారం చేస్తాయి. ఆ పక్కనే పోలీసులు, ఇతర అత్యవసర సేవలు, ప్రైవేటు సంస్థల చానళ్లుంటాయి. పొరపాటున అక్కడ మైకు నొక్కినా అది నేరమే. అందుకే సెట్టు రాగానే మీ బ్యాండ్‌ బయట ప్రసారం చేయకుండా లాక్‌ చేయించండి. లైసెన్సు కాపీ, సెట్టు బిల్లు కారు డాక్యుమెంట్లతోపాటే పెట్టుకోండి. చెక్‌పోస్టు దగ్గర ‘ఇదేంటి బాబూ?’ అని అడిగితే చూపించడానికి అవే మీ సమాధానం.

పవర్‌ పిచ్చి వదలండి

ఇప్పుడు అసలు సంగతి. వాట్లు పెరిగితే దూరం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూస్తే ఆ మోజు తగ్గుతుంది.

ఈ రెండు బ్యాండ్లలో సిగ్నల్‌ దాదాపు కంటిచూపు దారిలోనే వెళ్తుంది. ఎంత దూరం వెళ్తుందనేది ఎక్కువగా యాంటెన్నా ఎత్తు మీదే ఆధారపడుతుంది. దీనికో సులువైన సూత్రం ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో రేడియో దిగంతం వస్తుంది. కారు మీద యాంటెన్నా నేల నుంచి 2 మీటర్లు ఉందనుకోండి. సుమారు 6 కిలోమీటర్లు. ఎదుటి కారుదీ అంతే. అంటే చదునైన నేల మీద రెండు కార్ల మధ్య 12 కిలోమీటర్ల లోపే. అదే 100 మీటర్ల ఎత్తులో ఉన్న రిపీటర్‌తో అయితే 47 కిలోమీటర్ల దాకా. అదే కారు, అదే సెట్టు. మారింది ఎత్తొక్కటే. సిటీలో బిల్డింగులు అడ్డొస్తే ఈ దూరాలు తగ్గుతాయి, ఘాట్‌రోడ్డు మీద వ్యూ పాయింట్‌ దగ్గర ఆగితే పెరుగుతాయి.

మరి వాట్లో? ఎదుటివాళ్ల మీటర్‌లో మీ సిగ్నల్‌ ఒక పాయింటు పెరగాలంటే పవర్‌ 4 రెట్లు కావాలి. 25 వాట్ల నుంచి 50కి వెళ్తే పెరిగేది అర పాయింటు. చెవికి పెద్దగా తేడా తెలీదు. మీ జేబుకు మాత్రం తెలుస్తుంది. బ్యాటరీకి ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లో ఉన్న రిపీటర్‌ను 5 వాట్లతో అందుకోగలిగినప్పుడు 50 వాట్లు వాడటం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కారు నెత్తిన అసలు ఆస్తి

5 వాట్ల చేతి సెట్టు పట్టుకొని కారులో కూర్చొని మాట్లాడితే సిగ్నల్‌ సరిగా రాదు. సెట్టును తిట్టుకుంటాం. నిజానికి చుట్టూ ఉన్న ఇనుప డబ్బా సిగ్నల్‌ను దిగమింగుతోంది. అదే చేతి సెట్టుకు టాపు మీద అయస్కాంతంతో అంటుకునే యాంటెన్నా తగిలించి చూడండి. కొత్త సెట్టు కొన్నట్టే ఉంటుంది.

అందుకే తొలి మెట్టుగా నేను చెప్పేది ఇది. లైసెన్సు రాగానే కారు సెట్టు జోలికి పోకండి. ఒక మామూలు చేతి సెట్టు, ఒక మంచి మాగ్నెట్‌ యాంటెన్నా, ఆ రెండిటినీ కలిపే చిన్న కేబుల్‌ ముక్క కొనండి. చేతి సెట్టు సాకెట్టు సున్నితం. దానికి బరువైన కేబుల్‌ నేరుగా బిగిస్తే కొన్నాళ్లకు ఊడిపోతుంది. మధ్యలో మెత్తటి చిన్న కేబుల్‌ ఉంటే ఆ బాధ ఉండదు. నాన్న కారైనా, అద్దె కారైనా రంధ్రం పెట్టక్కర్లేదు. దిగేటప్పుడు తీసేసి బ్యాగులో వేసుకోవచ్చు. సొంత కారు లేనివాళ్లకు ఇదే రాజమార్గం.

యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? టాపు నడిమధ్యన. యాంటెన్నాకు కడ్డీ సగమైతే, కింద ఉన్న లోహపు టాపు మిగతా సగం. బంపర్‌కో, డిక్కీ అంచుకో బిగిస్తే సిగ్నల్‌ ఒక వైపు బాగా, మరో వైపు బలహీనంగా పోతుంది. టాపు మొత్తం అద్దమైన కార్లకు, అల్యూమినియం బాడీ ఉన్నవాటికి అయస్కాంతం అంటదు. వాటికి డిక్కీ తలుపుకో, రూఫ్‌ రైలుకో పట్టే క్లాంపు వాడాలి. కొనేముందు ఇంట్లో ఫ్రిజ్‌ మీది మాగ్నెట్‌ తీసుకెళ్లి కారు టాపు మీద పెట్టి చూస్తే సరి.

పొడవు సంగతి. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యం యాంటెన్నా 49 సెంటీమీటర్లు. చవక, గట్టిది, కొమ్మలు తగిలినా వంగి లేస్తుంది. మీటరు పావు పైన ఉండే పొడవాటి యాంటెన్నాలు హైవేల మీద కాస్త ఎక్కువ దూరం ఇస్తాయి. కానీ సెల్లార్‌ పార్కింగులో పైకప్పుకు కొట్టుకుంటాయి. పల్లె దారుల్లో కిందికి వేలాడే కరెంటు తీగలున్న చోట ఎత్తైన కడ్డీతో వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. కొత్తవాళ్లకు పొట్టిదే మేలు.

కేబుల్‌నూ తక్కువ చేసి చూడొద్దు. మామూలు ఆర్జీ-58 కేబుల్‌ 5 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్‌ దగ్గర 50 వాట్లలో సుమారు 40 వాట్లే పైకి చేరతాయి. 435 దగ్గర దాదాపు మూడో వంతు కేబుల్‌లోనే వేడిగా పోతుంది. మిగిలిన కేబుల్‌ చుట్ట చుట్టి సీటు కింద పడేయకుండా కావాల్సినంతకే కత్తిరించి కనెక్టర్‌ వేయించండి. తర్వాత ఎస్‌డబ్ల్యూఆర్‌ మీటర్‌తో కొలవండి. 1.5 లోపుంటే నిశ్చింత. 2 దాటితే ప్రసారం ఆపి, యాంటెన్నా ఎక్కడ తేడా కొడుతోందో వెతకండి. మీటర్‌ కొనక్కర్లేదు, దగ్గర్లోని క్లబ్బు సభ్యుల్ని అడిగితే కొలిచిపెడతారు.

ఇంకో జాగ్రత్త. మైకు నొక్కేటప్పుడు ఎవరూ యాంటెన్నా ముట్టుకోకూడదు. కారు ఆగి ఉన్నప్పుడు పిల్లలు దగ్గరికొస్తే మరీ చూసుకోండి.

వైరింగులో పీనాసితనం వద్దు

50 వాట్ల సెట్టు మైకు నొక్కినప్పుడు 10 నుంచి 13 ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్‌ లైటర్‌ సాకెట్టు వెనక ఉండేది చాలా కార్లలో 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు. అక్కడ సెట్టు గుచ్చితే ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే ప్లగ్గు కాలుతుంది. ఆ సాకెట్టు చేతి సెట్టు చార్జింగుకు పనికొస్తుంది, అంతే.

పెద్ద సెట్టుకు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే తీసుకోవాలి. పాజిటివ్‌ వైరుకు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు సెట్టు దగ్గర పెట్టి, మధ్యలో వైరు ఇంజిను రేకుకు ఒరుసుకుంటే? ఆ వైరును కాపాడేవాళ్లుండరు. మంటలే. ఇంజిను గదిలోంచి లోపలికి వచ్చేచోట రంధ్రానికి రబ్బరు బుష్‌ తప్పనిసరి. ఈమధ్య వస్తున్న చాలా కార్లలో బ్యాటరీ నెగటివ్‌ టెర్మినల్‌ మీద ఒక చిన్న సెన్సర్‌ ఉంటుంది. వచ్చే పోయే కరెంటును అది లెక్కపెడుతుంది. అలాంటి కార్లలో సెట్టు నెగటివ్‌ను టెర్మినల్‌కు కాకుండా, బాడీకి ఎర్త్‌ ఇచ్చిన చోట కలపాలి. కారు మాన్యువల్‌ చూడండి, సర్వీసు సెంటర్‌లో అడగండి. కంపెనీ వైరింగును కోసి అతికించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. వారంటీ అడిగే రోజున అదే అడ్డమొస్తుంది.

సన్నటి వైరు వాడితే ఏమవుతుందో చిన్న లెక్క. రానూ పోనూ వైరు నిరోధం 0.1 ఓమ్‌ ఉందనుకోండి. 12 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు వైరులోనే హరించుకుపోతాయి. ఇంజిను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టులుంటే సెట్టుకు అందేది 11.2. చాలా సెట్లు 11.7 కంటే తగ్గితే మొరాయిస్తాయి. మాట మధ్యలో ఆగిపోతుంది, సెట్టు రీసెట్‌ అవుతుంది. మనం సెట్టు పాడైందనుకుంటాం. జబ్బు వైరుది.

ఎలక్ట్రిక్‌ కారుంటే? దానిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, సెట్టుకు అదే ఆధారం. నారింజ రంగు కేబుళ్ల దరిదాపుల్లోకి వెళ్లొద్దు, అవి వందల వోల్టులవి. ఏ కారైనా సరే, స్తంభాల లోపలి నుంచి వైరు లాగేముందు అక్కడ ఎయిర్‌బ్యాగు లేదని నిర్ధారించుకోండి. సెట్టు ముఖాన్ని కూడా ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దారిలో బిగించొద్దు. ప్రమాదంలో అదే రాయిలా దూసుకొస్తుంది.

ఇప్పుడు సెట్టు కొనండి

ఇంతదాకా వచ్చారంటే మీకేం కావాలో మీకే తెలిసి ఉంటుంది. మాగ్నెట్‌ యాంటెన్నా, చేతి సెట్టుతో రెండు మూడు నెలలు తిరిగారు. మీ దారిలో రిపీటర్‌ ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ పోతుందో తెలుసు. మీ ఊళ్లో హామ్‌లు ఏ బ్యాండ్‌లో మాట్లాడుకుంటారో తెలుసు. ఇక ఈ ప్రశ్నలు వేసుకోండి.

ఒక బ్యాండా, రెండా? మీ జిల్లాలో మాటలన్నీ 145 మీదే అయితే ఒక బ్యాండు సెట్టు చవకగా, గట్టిగా ఉంటుంది. రెండు బ్యాండ్లూ కదులుతుంటే రెండోది. అనలాగా, డిజిటలా? డిజిటల్‌లో డీఎంఆర్‌, డీ-స్టార్‌, సీ4ఎఫ్‌ఎం అని మూడు నాలుగు పద్ధతులున్నాయి. ఒకదానిది ఒకదానికి అర్థం కాదు. మీ ఊరి రిపీటర్‌ ఏ పద్ధతిదో తెలియకుండా డిజిటల్‌ కొంటే, తెలుగు వచ్చినవాడు గ్రీకు క్లాసులో కూర్చున్నట్టే. మామూలు ఎఫ్‌ఎం మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. ఆపదలో అపరిచితుడితో మాట్లాడాల్సి వస్తే అదే దిక్కు.

ముఖం విడదీసి ముందు పెట్టుకొని, బరువైన భాగాన్ని సీటు కింద పెట్టుకునే వీలుందా? చిన్న కార్లకు ఇది చాలా ఉపయోగం. సీటు కింద గాలి ఆడాలి. మే నెలలో ఎండలో పార్క్‌ చేసిన కారు లోపల కూర్చోలేం. సెట్టు కూడా వేడెక్కితే తనంతట తానే పవర్‌ తగ్గించుకుంటుంది. స్పీకర్‌ గట్టిగా ఉందా? లారీల హారన్ల మధ్య వినపడాలి. అక్షరాలు ఎండలో కనిపిస్తున్నాయా? చీకట్లో, తెర చూడకుండా చేత్తో తడిమి చానల్‌ మార్చగలరా? నన్నడిగితే రంగుల తెర కంటే తడిమితే దొరికే గుండ్రటి నాబే విలువైనది.

బ్రాండుల దగ్గరికొస్తే... ఐకామ్‌, యేసు వంటి జపాన్‌ కంపెనీల సెట్లు ఖరీదు. పక్క చానల్‌ రొదను బాగా ఆపుతాయి, మాన్యువళ్లు వివరంగా ఉంటాయి. చైనా సెట్లు అందుబాటు ధరలో ఉంటాయి, నేర్చుకోవడానికి బాగానే పనికొస్తాయి. రద్దీ ఎక్కువున్న నగరాల్లో వాటిలో కొన్ని గందరగోళపడతాయి. ఏదైనా సరే, డబ్ల్యూపీసీ నుంచి పరికరాల ఆమోదం ఉందా, బిల్లు ఇస్తారా, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని అడగండి. బిల్లు లేని సెట్టు ఎంత చవకైనా వద్దు. సెకండ్‌హ్యాండ్‌ కొంటే అమ్మే వ్యక్తి లైసెన్సు ఉన్నవాడై ఉండాలి. మీ ముందే డమ్మీ లోడ్‌ పెట్టి పవర్‌ కొలిచి చూపించమనండి.

మరి దేశమంతా మాట్లాడించే హెచ్‌ఎఫ్‌ సెట్టో? 100 వాట్ల సెట్టు 20 ఆంపియర్లకు పైగా తాగుతుంది. కారు మీద పట్టే యాంటెన్నా ఆ తరంగాలకు చాలా పొట్టిది, పవర్‌లో ఎక్కువ భాగం వృథా. సరదా తీరనివాళ్లు రెండో ఏడాది ఆలోచించండి. అప్పుడు కూడా కారు ఆపి, చెట్టుకు తీగ కట్టి మాట్లాడితే ఫలితం ఎన్నో రెట్లు బాగుంటుంది.

స్టీరింగ్‌ ముందు, మైకు తర్వాత

ఇక్కడ నాది పెద్దవాళ్ల పంతమే అనుకోండి. డ్రైవ్‌ చేస్తూ మైకు పట్టుకోవద్దు. ‘అమెరికాలో అందరూ మాట్లాడుతూనే నడుపుతారు కదా’ అని వాదించేవాళ్లున్నారు. మన రోడ్ల మీద డివైడర్‌ సందులోంచి గేదె వస్తుంది, రాంగ్‌ రూట్‌లో బైకు వస్తుంది, చెప్పకుండా స్పీడ్‌బ్రేకర్‌ వస్తుంది. రెండు చేతులూ సరిపోవు.

చట్టమూ ఆ మాటే చెబుతోంది. చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్‌ పరికరాన్ని డ్రైవింగులో వాడటాన్ని మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను ప్రమాదకర డ్రైవింగు కిందే చూస్తుంది. 2019 సవరణ తర్వాత తొలి తప్పుకే రూ.1,000 నుంచి రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. హామ్‌ లైసెన్సు దీన్నుంచి మినహాయింపు ఇవ్వదు.

పరిష్కారం కష్టమేం కాదు. నడుపుతూ వినండి. మాట్లాడాలంటే పక్కసీటులోని లైసెన్సు ఉన్న మిత్రుడికి మైకివ్వండి, లేదా సురక్షితమైన చోట పక్కకు ఆపండి. చానళ్లన్నీ బయల్దేరేముందే మెమరీలో వేసుకోండి. రిపీటర్‌ ఫ్రీక్వెన్సీ, షిఫ్టు, టోను ఇవన్నీ రోడ్డు మీద సెట్‌ చేసుకునేవి కావు. బైకు మీద వెళ్లేవాళ్లకైతే ఒకే మాట, బండి స్టాండు వేశాకే సెట్టు బయటికి తీయండి.

గాలిలో మర్యాద కూడా నేర్చుకోవాల్సిందే. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు, మైకుకూ అంతే. ముందు వినాలి. ఎవరూ లేరనుకున్నాకే కాల్‌సైన్‌ చెప్పాలి. మాట మాటకూ మధ్య రెండు సెకన్లు వదలాలి. అత్యవసరమున్నవాళ్లు ఆ సందులోనే దూరగలరు. వ్యాపారం మాటలు, సినిమా పాటలు, రహస్య కోడ్‌లు ఇక్కడ నిషిద్ధం. మాట్లాడిన వివరాలు లాగ్‌బుక్కులో రాయాలి, కారులోదైనా సరే.

ఉద్యోగం వస్తుందా?

కెరీర్‌ పేజీ కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. సూటిగా చెబుతా. కాల్‌సైన్‌ చూసి ఎవరూ ఆఫర్‌ లెటర్‌ ఇవ్వరు. కానీ మీరు చేసిన ఈ పనినంతా ఒకసారి వెనక్కి చూసుకోండి. డెసిబెల్‌ లెక్క వేశారు. కేబుల్‌ నష్టం కొలిచారు. ఎస్‌డబ్ల్యూఆర్‌ సరిచేశారు. డ్యాష్‌క్యామ్‌ చార్జరు ఆన్‌ చేయగానే రిసీవర్లో రొద ఎందుకొచ్చిందో ఒక్కొక్కటీ ఆపి కనిపెట్టారు. ఈ చివరి పనినే పరిశ్రమలో ఈఎంఐ-ఈఎంసీ ఇంజినీరింగ్‌ అంటారు. కార్లలో ఎలక్ట్రానిక్స్‌ పెరిగేకొద్దీ దానికి గిరాకీ ఉంది.

మన చుట్టూనే చూడండి. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో వారి డీఎల్‌ఆర్‌ఎల్‌, ఈసీఐఎల్‌ ఉన్నాయి. విశాఖలో సమీర్‌ కేంద్రం విద్యుదయస్కాంత ప్రభావాల మీద పనిచేస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే భారీ రాడార్‌ 53 మెగాహెర్ట్జ్‌ మీద నడుస్తోంది. పోలీసు శాఖలో కమ్యూనికేషన్స్‌ విభాగానికి విడిగా ఎస్సై, కానిస్టేబుల్‌ పోస్టులుంటాయి. ఇంటర్వ్యూలో ‘డీబీ అంటే ఏంటి?’ అని అడిగితే సూత్రం చెప్పేవాళ్లు చాలామంది. ‘నా కారు మీద యాంటెన్నాను బంపర్‌ నుంచి టాపుకు మార్చి కొలిచాను సార్‌, ఇంత తేడా వచ్చింది’ అని కాగితం చూపించేవాళ్లు తక్కువ. మీరు ఆ తక్కువమందిలో ఉండండి.

బిగించి వదిలేస్తే ఇనుప ముక్కే

చివరిగా, సెట్టు బిగించాక అసలు పని మొదలవుతుంది. నెలకో ఆదివారం పెట్టుకోండి. రిపీటర్‌ లేకుండా, సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడి చూడండి. రిపీటర్‌ కూడా టవర్‌ లాంటిదే, తుపానుకు అదీ పోవచ్చు. మీ వీధి నుంచి జిల్లా ఆసుపత్రి దాకా, కలెక్టరేట్‌ దాకా, దగ్గర్లోని గుట్ట దాకా ఎక్కడెక్కడ సిగ్నల్‌ అందుతోందో మ్యాపు మీద చుక్కలు పెట్టుకోండి. ఆ మ్యాపు ఏ కంపెనీ అమ్మదు.

బ్యాటరీ లెక్కా వేసుకోండి. కారు బ్యాటరీ 40 ఆంపియర్‌ అవర్లది అనుకుందాం. మళ్లీ స్టార్ట్‌ అవ్వాలి కాబట్టి సగమే వాడదాం, 20. సెట్టు వింటున్నప్పుడు 0.8 ఆంపియర్‌, 50 వాట్లతో మాట్లాడేటప్పుడు 12 ఆంపియర్లు. గంటలో ఆరు నిమిషాలు మాట్లాడితే సగటున 2 ఆంపియర్ల దాకా పడుతుంది. అంటే 10 గంటలు. అదే 5 వాట్లకు తగ్గించి, 4 ఆంపియర్లతో మాట్లాడితే 18 గంటల దాకా వస్తుంది. పవర్‌ నాబ్‌ తగ్గించడం తెలిసినవాడికి ఆ రాత్రి మరో ఎనిమిది గంటలు మిగులుతాయి.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున కొత్త సెట్టు కొని బిగించలేం. మాన్యువల్‌ చదువుతూ కూర్చోలేం. అందుకే ఈ వారం పుస్తకం తెరిచి పరీక్షకు చదవడం మొదలుపెట్టండి. వచ్చే నెల యాంటెన్నా గురించి వాకబు చేయండి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ను పరిచయం చేసుకోండి. సెట్టు షాపు ఎక్కడికీ పోదు. అక్కడికి చివర్లో వెళ్దురుగాని.